స్లైడ్ గిటార్

స్లైడ్ గిటార్ అనగా గిటారు తీగలను వ్రేళ్ళతో మెట్లపైకి అదిమి పట్టకుండా, గాజు లేదా లోహపు గొట్టాన్ని తీగలకు తాకించి జరుపుతూ వాయించే పద్ధతి. ఇది వాయిద్యం పేరు కాదు, వాదన పద్ధతి పేరు. తీగపై జరిపే ఆ గొట్టమే స్లైడ్. పూర్వం సీసా మెడను కోసి వాడినందున బాటిల్‌నెక్ అనే పేరు కూడా ఉన్నది. కర్ణాటక సంగీతంలోని "జారు" అనే గమకాన్ని ఎరిగినవారికి ఈ నాదం కొత్తగా తోచదు.

చరిత్ర

హవాయి దీవులకు చెందిన జోసెఫ్ కెకుకు (1874-1932) 1880ల చివర, విద్యార్థి దశలో, గిటారును ఒడిలో వెల్లకిల పెట్టుకొని లోహపు కడ్డీతో వాయించే పద్ధతిని రూపొందించాడని సాధారణంగా చెబుతారు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఆఫ్రికన్ అమెరికన్ గాయకులు గిటారును మామూలుగానే పట్టుకొని, కత్తితోనో సీసా మెడతోనో వాయించేవారు. 1903 ప్రాంతంలో మిసిసిపీ రాష్ట్రంలోని టట్‌వైలర్ రైల్వే స్టేషనులో అటువంటి వాదనను విన్నట్లు స్వరకర్త డబ్ల్యు. సి. హాండీ 1941లో వెలువడిన తన ఆత్మకథలో వ్రాశాడు. బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927లో రికార్డు చేసిన ఒక స్లైడ్ రచన 1977లో వాయేజర్ వ్యోమనౌకలతో పంపిన బంగారు పూత రికార్డులలో చేరింది.

భారతదేశంలో బ్రిజ్ భూషణ్ కాబ్రా ఈ పద్ధతిలో హిందుస్తానీ రాగాలను పలికించాడు. విశ్వమోహన్ భట్ మోహన వీణపై, రై కూడర్ స్లైడ్ గిటారుపై కలిసి చేసిన ఆల్బమ్‌కు 1994లో గ్రామీ పురస్కారం లభించింది. దక్షిణాదిన మెట్లు లేని గోటువాద్యం ఇదే సూత్రంపై పలుకుతుంది.

శ్రుతి

మామూలు శ్రుతిలో స్లైడును అడ్డంగా పెడితే అన్ని తీగలూ కలిసి ఇంపుగా పలకవు. అందుచేత తీగలను ఒకే స్వరసమూహానికి సవరిస్తారు. ఓపెన్ జి అనే పద్ధతిలో ఆరవ, ఐదవ, ఒకటవ తీగలను రెండేసి మెట్ల మేర దించితే చాలు. లావు తీగ నుండి చూస్తే ప, స, ప, స, గ, ప అని వస్తుంది. ఐదవ మెట్టుపై స్లైడు ఉంచితే ఇదే సమూహం శుద్ధ మధ్యమాన్ని, ఏడవ మెట్టుపై పంచమాన్ని షడ్జంగా చేసుకొని పలుకుతుంది. పన్నెండవ మెట్టుపై పై స్థాయి దొరుకుతుంది. ఇక్కడి గాంధారం అంతర గాంధారం. సాధారణ గాంధారం ఉన్న రాగమైతే అన్ని తీగలూ మీటక, ఒక్క తీగపైనే వాయించుట మేలు. తీగలను బిగించవలసిన పద్ధతుల కంటె దించే పద్ధతులే క్రొత్తవారికి మంచివి. తీగ తెగే భయం ఉండదు.

అభ్యాసం

ఈ విద్యలో అసలు కష్టం చేతిది కాదు, చెవిది. మామూలు గిటారులో వ్రేలు కాస్త అటూ ఇటూ పడినా మెట్టు స్వరాన్ని సరిచేస్తుంది. స్లైడు వాడినప్పుడు మెట్టు గుర్తు మాత్రమే. వ్రేలిని మెట్టుకు వెనుక ఆనించుట మనకు అలవాటు; స్లైడును మాత్రం సరిగా మెట్టు కమ్మీకి ఎగువన నిలపాలి. 65 సెంటీమీటర్ల తీగపై మొదటి మెట్టు సుమారు 3.6 సెంటీమీటర్ల దూరంలో ఉండగా, పదకొండవ, పన్నెండవ మెట్ల నడుమ ఎడం 1.9 మాత్రమే. కనుక పైకి పోయినకొద్దీ అదే రెండు మిల్లీమీటర్ల పొరపాటు దాదాపు రెట్టింపు అపస్వరమవుతుంది. తంబురా శ్రుతి పెట్టుకొని, ఒకే తీగపై స, ప లను కళ్ళు మూసుకొని పట్టుకొనే సాధన పాటల కంటె ముందు చేయవలసినది. చాలామంది దీనిని దాటవేస్తారు.

స్లైడును చిటికెన వ్రేలికి తొడిగితే మిగిలిన మూడు వ్రేళ్ళూ ఖాళీగా ఉంటాయి. వాటిలో ఒకటి రెండు స్లైడుకు వెనుక తీగలపై మెత్తగా ఆనాలి. లేనిచో తీగ వెనుక భాగం కూడా మ్రోగి గరగరమంటుంది. మీటని తీగలను కుడిచేతితో ఆపాలి. స్లైడు బరువే చాలును. అదిమితే తీగ మెట్టుకు తగిలి టకటక శబ్దం వస్తుంది. బజారులో దొరికే గిటార్లకు తీగలు సాధారణంగా తక్కువ ఎత్తులో ఉంటాయి గనుక తీగలను కొంచెం పైకి లేపించి, లావు తీగలు వేయించుట అవసరం కావచ్చు. గాజు స్లైడు నాదం మృదువు, ఇత్తడి నాదం గట్టిది, బరువూ ఎక్కువే. కోసిన సీసా వాడదలచినవారు అంచును నున్నగా అరగదీయనిదే వ్రేలికి తొడగరాదు.