పాత హైబ్రిడ్ కారు కొంటున్నారా? ముందు ఛాసిస్ నంబరు చూడండి

మందమర్రి: పదవీ విరమణ సొమ్ముతో పాత విలాస కారు కొనదలచినవారు పైమెరుగులు చూసి తొందరపడరాదు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారులో ఇంజినుతో పాటు అధిక వోల్టేజీ బ్యాటరీ ఉంటుంది. సెల్‌లలో మలినాలు చేరి మంటలు రేగే ముప్పుందని 2020లో బీఎండబ్ల్యూ ఇటువంటి కార్లను కొన్నింటిని వెనక్కి పిలిపించింది. అందువల్ల ఛాసిస్ నంబరును కంపెనీ సర్వీసు కేంద్రంలో చూపి, రీకాల్ మరమ్మతు పూర్తయిందో లేదో తెలుసుకోవాలి. ప్రమాదాలు, వరద ముంపు తేలడానికి సర్వీసు రికార్డులు, బీమా క్లెయిముల వివరాలు అడగాలి. క్రాష్ పరీక్షలో వచ్చిన స్టార్ రేటింగు కొత్త కారుకే వర్తిస్తుంది. నుజ్జయి బాగుచేయించిన కారుకు కాదు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా ఆ బేరం వదులుకోవడమే మేలు.