రంగశాలకు ప్రాణమేది?

ఉదయగిరి దుర్గమును 1514లో జయించిన శ్రీకృష్ణదేవరాయలు అచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు గొనిపోయెను. మూర్తి తరలిపోయిన ఆలయమునకు మిగులునవి గోడలే. నాటకశాల సంగతియు నిట్టిదే యని మా తలంపు.

ఇందుకు దృష్టాంతముగా ఇంగ్లండు దేశమున యార్కుషైరునందలి రిచ్మండు పట్టణపు రంగశాల చరిత్రమును పాఠకుల యెదుట నుంచుచున్నాము. ఉదయగిరివలెనే అదియు కోటనీడను పెరిగిన చిన్న ఊరు. అచ్చట శామ్యూలు బట్లరను నటుడు 1788లో రంగశాలను నిర్మించెను. నటియు వితంతువునగు ట్రైఫోసా రైటును వివాహమాడియే అతడు ఊరూర దిరుగు నాటకసమాజమునకు నాయకుడాయెను. రాజమహేంద్రవరమున వీరేశలింగముపంతులుగారు 1881లో తొలి వితంతువివాహము జరిపించుటకు ఇంచుమించు నూరేండ్లు ముందటి మాట యిది.

1848 నాటికి ఆ రంగశాలలో ఆటలు నిలిచిపోయెను. ప్రేక్షకులు కూర్చుండిన పల్లపుభాగము ద్రాక్షసారాయి నిలువచేయు మాళిగ యాయెను. పైభాగమున వేలముపాటలు సాగెను. ఏదో యొక వాడుకలో నుండుటచేత కట్టడము కూలక నిలిచెను. తుదకు లేడీ క్రాథార్న్ మొదలగువారు పూనుకొని ధనము కూర్చి బాగుచేయింపగా 1963లో తెర మరల లేచెను. నేడందు ఇంచుమించు 150 మందికే చోటు. అయినను నాటకములు సాగుచునే యున్నవి.

మనవైపు చూతము. 1885లో కడపమండలమందలి సురభి గ్రామమున కీచకవధ నాడి ప్రారంభించిన కుటుంబములవారు డేరాలు, పాకలు వేసికొని ఊరూర నాడిరి. స్థిరమైన భవనము లేకున్నను, స్త్రీలును పురుషులును కలసి యాడుటచేత ఆ విద్య తరతరములకు సంక్రమించెను. ఇతర సమాజములందు స్థానం నరసింహారావుగారివంటి మహానటులు స్త్రీవేషములు ధరించి కీర్తిగాంచిరి. అది వారి ప్రతిభకు నిదర్శనము. మన యిండ్ల తలుపులు ఆడుబిడ్డలకు మూయబడియుండుటకును నిదర్శనమే.

కావున ఉదయగిరి, ఆత్మకూరు మొదలగు ఊళ్లలో పాత రంగశాలను బాగుచేయింప చందా లిచ్చు గృహస్థులను ఒక్కటి యడుగుచున్నాము. మీ కుమార్తె అందు వేషము ధరింపగోరినచో, మీరు సకుటుంబముగా వచ్చి ముందు వరుసను కూర్చుండెదరా? ఔనను ఇండ్లు పది యున్నను ఆ కట్టడము బ్రదుకును. లేనిచో సున్నమునకై వెచ్చించిన సొమ్ము వ్యర్థము.