వికీపీడియాలో మన చరిత్ర నిలబడాలంటే: బోధన్ చెరుకు పొలాల నుంచి కొన్ని పాఠాలు

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో ఏర్పడింది. 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. ఈ మూడు తేదీలకు ఆధారం చూపించడం కష్టం కాదు. కానీ ఆ ఫ్యాక్టరీకి చెరుకు కొట్టినవాళ్లు ఎవరు, ఏ వాడల నుంచి వచ్చారు, ఎంత కూలికి కొట్టారు అని రాయబోతే మన చేతిలో కాగితం ఉండదు. మన అవ్వలకు, తాతలకు తెలుసు. వికీపీడియాకు అది చాలదు.

నిజామాబాద్, బోధన్ విద్యార్థులతో కలిసి తెలుగు వికీపీడియాలో రాయడం నేర్చుకుంటున్నప్పుడు మాకు మొదట ఎదురైన చిక్కు ఇదే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇప్పుడు అందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. ఎవరైనా రాయొచ్చన్న మాట నిజమే. రాసింది నిలబడాలంటే మాత్రం నియమాలు తెలిసి ఉండాలి.

మూడు మూల నియమాలు

మొదటిది, నిర్ధారణ. మనం రాసే ప్రతి ముఖ్యమైన వాక్యాన్ని చదివేవాళ్లు సరిచూసుకోగలగాలి. పుస్తకం, పత్రిక, పరిశోధనా వ్యాసం, ప్రభుత్వ నివేదిక వంటి నమ్మదగిన మూలాన్ని వాక్యం పక్కనే చూపాలి. ఫేస్‌బుక్ పోస్టు, వాట్సాప్ సందేశం, మనమే వేసిన కరపత్రం సాధారణంగా నిలవవు.

రెండోది, మౌలిక పరిశోధన వద్దు. మాలాంటి పరిశోధకులు తడబడేది ఇక్కడే. కూలీలను కలిసి సేకరించిన సంగతులను మేం మొదట్లో నేరుగా వ్యాసంలో పెట్టాం. మూలం లేదంటూ ఎవరో వాటిని తీసేశారు. కోపం వచ్చింది. నియమం చదివాక తప్పు మాదేనని తెలిసింది. విజ్ఞాన సర్వస్వం కొత్త విషయాన్ని మొదటిసారి ప్రకటించే చోటు కాదు, అప్పటికే అచ్చయినదాన్ని క్రోడీకరించే చోటు.

మూడోది, తటస్థ దృక్కోణం. దీన్ని చాలామంది కులం గురించి మాట్లాడకపోవడం అనుకుంటారు. అది తప్పు. ఒక ఊళ్లో అంటరానితనం పాటించారని నమ్మదగిన మూలం చెబితే ఆ మాట సూటిగానే రాయాలి. వద్దనేది విశేషణాలను. ‘మహానాయకుడు’ అనే బదులు ఆయన ఏ సంవత్సరం ఏం చేశాడో రాయాలి. ‘ఆసియాలోనే అతి పెద్ద ఫ్యాక్టరీ’ లాంటి మాట రాస్తే ఎవరన్నారో, ఏ కాలానికి అన్నారో చెప్పాలి.

‘గారు’ లేని భాష

తెలుగు వికీపీడియాలో ‘శ్రీ’, ‘గారు’ వాడరు. వ్యక్తుల గురించి ఏకవచనంలోనే రాస్తారు. అంబేడ్కర్ ‘జన్మించాడు’ అని చదివినప్పుడు మా బృందంలో కొందరికి మనసు చివుక్కుమంది. తరతరాలుగా ‘ఒరే’ అని పిలిపించుకున్న వాడల పిల్లలకు ఆ బాధ సహజం. అయితే నిజాంకూ గాంధీకీ కూడా అదే క్రియ. ఎక్కడైనా దొరకు ‘గారు’ తగిలించి, మన నాయకుడిని ఏకవచనంలో ఉంచితే, ఈ నియమాన్నే చూపించి సరిదిద్దవచ్చు.

పని చేసే చోట్లు

ఖాతా తెరవగానే పెద్ద వ్యాసం మొదలుపెట్టకండి. ముందు ‘ప్రయోగశాల’లో రాసి చూడండి. తర్వాత మీ ఊరి వ్యాసంలో ఒక్క వాక్యం, ఒక్క మూలం చేర్చండి. ప్రతి మార్పుకూ ఏం చేశారో, ఎందుకు చేశారో సారాంశం రాయండి.

ప్రతి వ్యాసానికీ ‘చరిత్ర’ ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏం చేర్చారో, ఏం తీశారో అందులో కనిపిస్తుంది. మీరు రాసింది పోయిందంటే ముందు అక్కడ చూడండి. తర్వాత ‘చర్చ’ పేజీలో మూలం చూపించి అడగండి. పట్టుదలకు పోయి మళ్లీ మళ్లీ పెట్టకండి. ఇంగ్లీష్ వికీపీడియాలో ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఇతరుల మార్పులను వెనక్కి తిప్పితే నిరోధం పడుతుంది.

అందరికీ సంబంధించిన చర్చలు జరిగే పేజీ పేరు ‘రచ్చబండ’. ఊరి రచ్చబండ దగ్గర మన పెద్దలు దూరంగా నిలబడ్డారు. ఇక్కడ ఖాతా ఉన్న ప్రతివాళ్లకూ మాట్లాడే హక్కుంది. ఆ హక్కును వాడుకోవాలి.

కులం గురించి రాసేటప్పుడు

ఇంగ్లీష్ వికీపీడియాలో కులాల వ్యాసాలపై ప్రత్యేక ఆంక్షలున్నాయి, కాబట్టి అక్కడ మరింత జాగ్రత్త అవసరం. బతికున్న వ్యక్తి తన కులాన్ని తానే చెప్పుకుంటే తప్ప రాయకూడదు. 1909లో వచ్చిన ఎడ్గర్ థర్స్టన్ సంపుటాల వంటి వలసపాలన నాటి కుల వర్ణనలను అక్కడ నమ్మదగిన మూలాలుగా లెక్కించరు. మన కులాల గురించి అవమానకరమైన రాతలు అలాంటి పుస్తకాల నుంచి వస్తే, వాటిని ప్రశ్నించడానికి ఇది గట్టి ఆధారం.

నోటిమాట మూలంగా మారేదెలా?

ఒకప్పటి నిజామాబాద్ జిల్లాలోని ఎల్లారెడ్డి నియోజకవర్గాన్నే చూడండి. 1962లో టి.ఎన్. సదాలక్ష్మి, 1967లోనూ 1972లోనూ ఈశ్వరీబాయి అక్కడి నుంచి గెలిచారు. ఇద్దరూ దళిత నాయకురాళ్లే. సదాలక్ష్మి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపసభాపతిగా, దేవాదాయ శాఖ మంత్రిగా పనిచేశారు. ఆమె బతుకు కథను గోగు శ్యామల ‘నేనే బలాన్ని’ పేరుతో పుస్తకంగా తెచ్చారు. అందులోని విషయాన్ని ఇవాళ ఎవరైనా పేజీ నంబరుతో సహా ఉదహరించవచ్చు. ఎవరో ఒకరు కూర్చుని విని, రాసి, అచ్చువేస్తేనే ఇది సాధ్యమైంది.

నోటిమాటను నేరుగా మూలంగా వాడే ప్రయత్నమూ జరిగింది. 2011లో అచల్ ప్రభాల ఆధ్వర్యంలో మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడీ భాషల్లో జనం మాటలను రికార్డు చేసి వికీపీడియాలో మూలాలుగా వాడిచూశారు. అది సాధారణ నియమంగా మారలేదు. 2015 ఏప్రిల్‌లో మొదలైన దళిత చరిత్ర మాసంలో భాగంగా మన కార్యకర్తలు కలిసి కూర్చుని వికీపీడియాలో రాశారు.

మూలాలు అడగడం అన్యాయం కాదు. ఎవరి జీవితం అచ్చుకెక్కింది, ఎవరిది ఎక్కలేదన్న దాంట్లోనే అన్యాయం ఉంది. అందుకే మన పని రెండు చోట్ల సాగాలి. ఉన్న మూలాలను వెతికి వ్యాసాల్లో చేర్చడం ఒకటి. లేని మూలాలను తయారుచేయడం రెండోది: చెరుకు కొట్టిన పెద్దల మాటలను వాళ్ల అనుమతితో రికార్డు చేసి, ఊరు, తేదీ వేసి, సంపాదకులున్న పత్రికకో ప్రచురణకర్తకో ఇవ్వడం. మూతపడ్డ ఫ్యాక్టరీని, వాడలను మనమే ఫొటోలు తీసి వికీమీడియా కామన్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో పెట్టొచ్చు. పత్రికల్లో వచ్చిన ఫొటోలను మాత్రం పెట్టకూడదు.

ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లు గడిచాయి. అక్కడ పనిచేసినవాళ్లు పెద్దవాళ్లవుతున్నారు. రికార్డు చేసే పని ముందు మొదలుపెట్టండి.