ఎర్రగడ్డ కాడలు

మన జూపాడు బంగ్లా, నంద్యాల వైపు ఉల్లిని ఎర్రగడ్డ అంటాం. ఆ గడ్డకు పాత చరిత్రే ఉంది. చరకసంహితలో ‘పలాండువు’ అదే. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్, ఉల్లి తిన్నవారిని ఊరిగోడ వెలుపలికి పంపేవారని రాశాడు. ఇప్పుడైతే ఊళ్ళో ఎవరూ మిగలరు!

మరి కాడ సంగతి ఎవరు రాశారు? ఎండిన గడ్డ మూటకెక్కి సంతకు పోతుంది, లెక్కల్లోకి వస్తుంది. పచ్చికాడ కోసిన పూటకే వాడుతుంది. పెరట్లో పుట్టి, జొన్నరొట్టె పక్కన నంజుడై, మన వంటింట్లోనే కలిసిపోయింది.

మన సీమకు నీళ్ళు తెచ్చిన కె.సి. కాలువకు మాత్రం లెక్కలున్నాయి. కంపెనీవాళ్ళు 1863లో మొదలుపెట్టి 1871కి ముగించారు, 1882లో ప్రభుత్వం కొన్నది. నీరున్నచోట గడ్డ పండింది గాని, ధర మన చేతిలో లేదు. 2025లో కర్నూలులో రేటు కూలి, ప్రభుత్వమే క్వింటాలు 1200 రూపాయలకు కొనవలసి వచ్చింది.

అమ్ముడుపోని గడ్డ మొలకెత్తితే పారేయకండమ్మా. కుళ్ళనిదైతే కుండీలో గుచ్చండి, మూడు నాలుగు వారాల్లో కాడలొస్తాయి. గడ్డలో దాదాపు లేని ఎ విటమిన్ ఈ పచ్చదనంలో ఉంది, సి కూడా ఎక్కువే. అందుకే పప్పు దించేముందు వేయండి, ఉడికించి చంపకండి.

కొన్న కట్టయితే తాడు విప్పి, కుళ్ళిన ఆకు తీసేసి, వేళ్ళు మునిగేలా గ్లాసు నీళ్ళలో నిలబెట్టండి. నీళ్ళు రోజూ మార్చాలి. ఫ్రిజ్ ఉంటే తడిగుడ్డలో చుట్టి పెట్టండి, వారం దాకా ఉంటాయి. కడగడం మాత్రం వండేముందే.