మూడు స్టేషన్ల దూరం

బేర్ సరాయ్‌లో అద్దె గదికి కిటికీ దొరకడం అదృష్టం. నా గదికి దొరికింది. తెరిస్తే చేతికందేంత దగ్గర్లో ఎదురింటి గోడ. 2019 ఫిబ్రవరి అది. సివిల్స్ ప్రిలిమ్స్ జూన్ 2న. జేఎన్‌యూ పాత క్యాంపస్ ఎదుట ఉన్న ఆ ఊళ్లో (నిజంగా ఊరే, ఢిల్లీ నాలుగు వైపులా పెరిగిపోయి దాన్ని మధ్యలో ఇరికించింది) పుస్తకాల కొట్లు, జిరాక్స్ మిషన్లు, మాలాంటి పరీక్షల పిచ్చివాళ్లు. తెలుగువాళ్లం ఇరవై మందిమి ఒకే చోట తినేవాళ్లం. దాన్ని మెస్ అనేవాళ్లం కానీ బోర్డు లేదు. రెండో అంతస్తులో ఒక గది, రెండు స్టవ్వులు, ఒక అక్క.

అక్క పేరు ఇక్కడ రాయడం లేదు. వద్దంది. టెక్కలి దగ్గర పల్లె. వయసు ముప్ఫై ఎనిమిది. మగడు మునిర్కాలో రాత్రి కాపలా పని. రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు ఊళ్లో అత్తగారి ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

ఒక రాత్రి భోజనాలయ్యాక నేనూ ఒంగోలు నుంచి వచ్చిన ఇంకో అమ్మాయీ పథకాలు అప్పజెప్పుకుంటున్నాం. అక్క మూలన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

"ఆయుష్మాన్ భారత్‌లో భాగాలెన్ని?"

"రెండు. ఒకటి, ఆసుపత్రిలో చేరితే కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా బీమా. 2018 సెప్టెంబరు 23, రాంచీ. రెండోది హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు. మొదటిది 2018 ఏప్రిల్ 14, ఛత్తీస్‌గఢ్, బీజాపూర్ జిల్లా, జాంగ్లా."

"అక్కడ ఏం చూస్తారు?"

"ముప్ఫై దాటిన వాళ్లకి బీపీ, షుగరు, నోటి క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు, గర్భాశయ ముఖద్వార..."

"పాపా," అంది అక్క తలెత్తకుండానే. "ఆ రొమ్ముదేటో మళ్లీ సదువు."

మళ్లీ చదివాను. అప్పటికీ నాకు వెలగలేదు. పరీక్షలో వస్తుందేమో గుర్తుండాలని చదివాను గానీ, వినే మనిషికి కావాలని కాదు. ఒంగోలు అమ్మాయికి ముందు అర్థమైంది. లేచి తలుపు దగ్గరకు వేసింది.

ఎడమ వైపు, పైభాగాన, చింతగింజంత గడ్డ. దీపావళి నుంచి ఉందట. "నొప్పి నేదు పాపా, అందుకే ఊరుకున్నాను." నొప్పి లేదు కదా అన్న ఆ ధీమాయే ఎంతమందినో ఆలస్యం చేసింది. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. అక్క నిజానికి ఊరుకోలేదు కూడా. రోడ్డు మీద ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటర్‌కి వెళ్లి అడిగింది. వాళ్లు చెప్పిన రేటు ఆమె నెల సంపాదనలో సగం. "కారడుంటే డబ్బుల్లేకుండా సూత్తారట. నాకిక్కడ కారడు నేదు కదా!"

కార్డు ఉన్నా ఆ పూటకి అక్కరకొచ్చేది కాదు. మేం అప్పజెప్పుకున్న ఆ 5 లక్షల బీమా పథకంలో ఢిల్లీ అప్పటికి చేరనే లేదు. చేరింది 2025 ఏప్రిల్‌లో. పైగా ఆ బీమా రోగమని తేలి ఆసుపత్రిలో చేరాక ఖర్చు భరించేది. గడ్డ ఉందేమో చూడమని తలుపు తట్టే మనిషికి కావలసింది సర్కారు ఆసుపత్రి ఓపీ చీటీ, దాన్నే అక్కడ పర్చీ అంటారు. ఇన్ని పథకాల పేర్లు తారీఖులతో సహా నోటికొచ్చిన మాలో ఒక్కరం కూడా ఈ మాట ఆమెకి చెప్పలేదు. మాకే తెలియదు.

అమెరికాలో బీమా లేని, రాబడి తక్కువున్న ఆడవాళ్లకి రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయించాలని 1990లో ఏకంగా చట్టమే చేశారు. అక్కడ అడ్డం పడేది బీమా కార్డు. మన దగ్గర ఆసుపత్రి తలుపు తెరిచే ఉంటుంది, అడ్డం పడేది ఒక పొద్దుటి పూట. ఇరవై మందికి టిఫిన్ ఎవరు చేస్తారు? మగడికి ఏమని చెప్పాలి? హిందీలో ఆ మాటని ఎలా అనాలి?

టిఫిన్ సంగతి మగపిల్లలు చూస్తామన్నారు. కారణం అడగలేదు, ఉప్మా అడుగంటించారు. హిందీకి అక్క ఆడపడుచు వస్తానంది. ఆవిడ ఢిల్లీ వచ్చి పాతికేళ్లు. వయసు యాభై రెండు. నాలుగిళ్లలో పని చేసుకుని, ఆటోవాళ్లతో హిందీలో దెబ్బలాడగల మనిషి. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవారు. మాకు ఆవిడ పెద్ద వదిన.

ఐఐటీ స్టేషన్‌లో ఎక్కాం. హౌజ్ ఖాస్‌లో లైను మారాలి, తర్వాత గ్రీన్ పార్క్, తర్వాత ఎయిమ్స్. మూడే స్టేషన్లు. పైకొస్తే రోడ్డుకి ఒక పక్క ఎయిమ్స్, ఇంకో పక్క సఫ్దర్‌జంగ్. అక్క మెట్రో ఎక్కడం అదే మొదటిసారట. నాలుగేళ్లుగా బేర్ సరాయ్‌లోనే ఉంది.

నా నిర్వాకం వల్ల గంటసేపు తప్పు లైన్లో నిలబడ్డాం. జనరల్ మెడిసిన్ అనుకున్నాను, వెళ్లాల్సింది సర్జరీ ఓపీకి. పెద్ద వదిన నన్నేమీ అనలేదు. ఒక గార్డుని మాత్రం "భయ్యా, ఛాతీ మే గాంఠ్ కహా దేఖ్‌తే హై?" అని గట్టిగా అడిగేసింది. లైన్లో సగం మంది వెనక్కి తిరిగారు. అక్క కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

లోపల చూసింది ఒక పీజీ డాక్టరమ్మ, నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. కర్టెన్ లాగింది. నడుం మీద చేతులు పెట్టుకోమంది, పైకెత్తమంది, తర్వాత బల్ల మీద పడుకోబెట్టింది. మూడు వేళ్ల మెత్తటి భాగంతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ వచ్చింది. ముందు మెల్లగా, తర్వాత కాస్త నొక్కి, తర్వాత ఇంకాస్త. చంక, కంటె ఎముక పైన, రెండో వైపు. గడ్డ దగ్గర ఆగి, వేళ్ల మధ్య కదిపి చూసింది. అల్ట్రాసౌండ్‌కి పంపింది. నీటి తిత్తి అని తేలింది. మళ్లీ బల్ల మీద పడుకోబెట్టి సన్న సూది గుచ్చి లాగితే సిరంజిలోకి ఎండుగడ్డి రంగు ద్రవం వచ్చింది. అక్క చెయ్యి పెట్టి చూసుకుంది. అక్కడ ఇంకేం లేదు. దీపావళి నుంచి మోసిన బరువు ఒక సిరంజిలో సగానికి రాలేదు.

ముగ్గురం లేస్తున్నాం. డాక్టరమ్మ పెద్ద వదిన వంక చూసి, "ఆంటీ, ఆప్‌కీ ఉమర్?"

"బావన్."

"కభీ దిఖాయా?"

"ముఝే క్యా హువా హై?" అని నవ్వేసింది పెద్ద వదిన.

"కుఛ్ నహీ హువా, ఇసీలియే. పర్చీ బన్‌వా లీజియే."

పర్చీల కౌంటర్ మూసే వేళ. నేను మెట్లు రెండేసి దిగుతూ పరిగెత్తాను.

ఈసారి ఆ మూడు వేళ్లు కుడి వైపు కింది భాగంలో ఒకచోట ఆగాయి. ముందుకు వెళ్లాయి. వెనక్కొచ్చి అక్కడే ఆగాయి. డాక్టరమ్మ మాట్లాడటం మానేసింది. పెద్ద వదిన పైకప్పు ఫ్యాను వంక చూస్తోంది.

ఇక్కడ ముంబై సంగతి చెప్పాలి. 1998లో టాటా మెమోరియల్ వైద్యులు అక్కడి బస్తీల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. 35 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు, మొత్తం లక్షా యాభై ఒక్క వేల పైచిలుకు. సగం బస్తీల్లో శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి ఇలాగే వేళ్లతో చూశారు. యంత్రం లేదు, ఎక్స్‌రే లేదు. ఇరవై ఏళ్లు వాళ్లని వదలకుండా గమనించి 2021లో బీఎంజే వైద్య పత్రికలో ఫలితం వేశారు: యాభై దాటిన వాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో తగ్గినట్టు తేలలేదు. పెద్ద వదిన వయసు యాభై రెండని ముందే చెప్పాను.

మనవైపూ ఇలాంటి పని జరిగింది. హైదరాబాద్‌లో గైనకాలజిస్టు డాక్టర్ ఉషాలక్ష్మికి 2002లో రొమ్ము క్యాన్సర్ వస్తే, ఇంగ్లండులో సర్జన్‌గా ఉన్న కొడుకు రఘురామ్ తిరిగొచ్చి 2007లో కిమ్స్‌లో ఆవిడ పేరుతోనే కేంద్రం పెట్టారు. 2012 నుంచి 2016 దాకా ఆరోగ్యశ్రీతో కలిసి రెండు రాష్ట్రాల పల్లెల్లో, సుమారు 2 లక్షల మంది పేద ఆడవాళ్లకి ఈ వేళ్ల పరీక్షే చేయించారు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నామన్నవాళ్లు 0.9 శాతం. వందకి ఒక్కరు కూడా లేరు. 2022లో ఈ జబ్బు దేశంలో కొత్తగా సుమారు 1,92,000 మందికి వచ్చిందని, 98,000 మందిని తీసుకుపోయిందని గ్లోబోకాన్ అంచనా. ఈ అంకెలు ఇప్పుడు నాకు నోటికొచ్చు, ఏ పరీక్ష కోసమూ కాదు.

పెద్ద వదినకి మామోగ్రామ్, ఆ తర్వాత బయాప్సీ. రిపోర్టు తెచ్చుకున్న రోజు మెట్రోలో ఎవరూ మాట్లాడలేదు. రెండో స్టేజీ. "తోడుకి రమ్మంటే ఇదేటి వదినా," అని అక్క ఏడ్చేసింది. పెద్ద వదిన కాసేపు ఊరుకుని, "తోడుకి వచ్చేను కాబట్టే కదా తెలిసింది. ముందు నువ్ కళ్లు తుడుసుకో, టేసనొచ్చింది," అంది.

ఆపరేషన్ ఏప్రిల్‌లో. తర్వాత కీమో. నాలుగిళ్లలో రెండిళ్ల వాళ్లు పనిలోంచి మాన్పించారు, ఒకావిడ మాత్రం జీతం ఆపకుండా ఇచ్చింది. జుట్టు ఊడితే నెత్తికి మగడి మఫ్లరు చుట్టుకుని మెస్‌కొచ్చి పప్పులో ఉప్పు తక్కువైందని వంక పెట్టేది. ఈ మధ్య ఫోన్ చేస్తే ఆరేళ్లయిందని తనే లెక్క చెప్పింది. ప్రిలిమ్స్ నాకు పోయింది.

ఆ ఏడాది మే నెల ఆదివారం ఒకటి బాగా గుర్తు. సోమవారం మెస్‌కి సెలవని అక్క ముందే చెప్పేసింది. సాయంత్రం నోట్సు ప్రింటు తీయించుకుందామని జిరాక్స్ కొట్టుకెళ్తే నా ముందు ఏడుగురు ఆడవాళ్లు లైన్లో ఉన్నారు. అందరూ మునిర్కా నుంచి వచ్చిన మనవైపు వాళ్లే, అందరి చేతుల్లో ఆధార్ కార్డులు. అందరికన్నా ముందు అక్క. కొట్టతనికి ఆ సీజన్లో లైను కొత్త కాదు. కార్డు మిషన్ మీద బోర్లా పెడుతూ, తలెత్తకుండా అలవాటుగా అడిగాడు.

"కౌన్ సా ఫారం భర్ రహే హో, మేడమ్? యూపీఎస్‌సీ యా ఎస్ఎస్‌సీ?"