పిండి ఉన్నచోటే పురుగు

1972లో చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో, యిన్‌చ్యుయెషాన్ గుట్టమీద హాన్ రాజుల కాలపు సమాధులు రెండు బయటపడ్డాయి. లోపలి బురదనీళ్లలో వేలకొద్దీ సన్నని వెదురు బద్దలు, వాటి నిండా సిరా అక్షరాలు. సన్ జూ యుద్ధతంత్రంతో పాటు ఎప్పుడో కనుమరుగైపోయిన సన్ బిన్ గ్రంథమూ అందులో దొరికింది. రెండువేల ఏళ్లకు పైగా వాటిని కాపాడింది గాలి చొరబడని ఆ నీరే.

మరి రోజూ చేతులు మారే పుస్తకాల మాటేమిటి? క్రీస్తుకు పూర్వం 1వ శతాబ్దంలో హాన్ రాజగ్రంథాలయాన్ని సరిదిద్దిన పండితుడు ల్యూ షియాంగ్ ఆ సంగతీ రాసిపెట్టాడు. పచ్చి వెదురులో రసం ఉంటుంది, దానివల్ల కుళ్లు, పురుగు వస్తాయి, అందుకే బద్దలను మంటమీద కాచి ఆరబెట్టాకే రాయాలి అన్నాడు. రెండువేల ఏళ్ల కిందటే దొంగ ఎక్కడున్నాడో పసిగట్టాడన్నమాట!

వెదురుకు పురుగు పట్టదని అమ్మేవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. అందులో నిజం కొంతే. పైతొక్కలో మైనం, సిలికా ఉంటాయి కాబట్టి అటునుంచి పురుగు దూరడం కష్టం. కానీ టేకు చేవలో ఉన్నట్టు పురుగును తరిమే విషపదార్థాలు వెదురులో లేవు, పైగా లోపల పిండిపదార్థం ఉంటుంది. డైనోడెరస్ అనే ముదురు గోధుమరంగు పెంకుపురుగు మూడు మిల్లీమీటర్లుంటుందేమో, కోసిన చివరనుంచో చెక్కిన కణుపునుంచో లోపలికి దిగుతుంది. కొన్నాళ్లకు బొంగును తడితే పసుపుపచ్చని పొడి జలజలా రాలుతుంది. పుప్పి పట్టిందంటామే, అదే.

ప్యూర్టో రికోలోని మాయాగ్వెస్‌లో హెచ్. కె. ప్లాంక్ చేసిన పరిశీలనలు 1950–51లో అచ్చయ్యాయి. పిండి ఎక్కువున్న బొంగుకే పురుగు ఎక్కువ పడుతోందని వాటిలో తేలింది. అన్ని జాతులూ ఒకటి కావు. పసుపు బొంగుల రకాలూ ఉన్న బాంబూసా వల్గారిస్ పురుగుకు పండగే. విచిత్రమేమిటంటే, పూత పూసిన వెదురు జోలికి పురుగు అంతగా రాదు. దాచుకున్న పిండంతా గింజలకే ఖర్చయిపోతుంది మరి.

ఆసియా పల్లెల్లో కొట్టిన బొంగులను వారాల తరబడి చెరువులో నానబెట్టేది కూడా ఈ పిండిని, చక్కెరలను తగ్గించడానికే. నీళ్లు కంపు కొడతాయి, అయినా ఖర్చులేని వైద్యం. అయితే దీనితో చెదలు ఆగవు.

చెదలకు విరుగుడు 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో మన తెలుగువాడు సొంఠి కామేశం కనిపెట్టాడు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన ఆ మందు ప్రపంచమంతటా కరెంటు స్తంభాలకు ఎక్కింది. ఆర్సెనిక్ భయంతో 2003 చివర అమెరికాలో ఇళ్లకు వాడే కలప నుంచి దాన్ని తప్పించారు. ఇళ్లలోని వెదురుకు ఇప్పుడు ఎక్కువగా బోరాక్సు, బోరిక్ యాసిడ్ నీళ్లే పట్టిస్తున్నారు.

వెదురు కొనబోతే కోసిన చివర టింక్చర్ అయోడిన్ చుక్క ఒకటి వేసి చూడండి. నల్లబడితే పిండి ఉన్నట్టే, శుద్ధి చేయించకుండా ఇంటికి తేవద్దు.