ప్రాసెసరు ఆధారిత కంపైలేషను

'''ప్రాసెసరు ఆధారిత కంపైలేషను''' అనగా సోర్సు కోడును యంత్రభాషలోకి మార్చేటప్పుడు ఒక నిర్దిష్ట ప్రాసెసరుకు మాత్రమే తెలిసిన ఆదేశాలను కూడా వాడుకొనుటకు కంపైలరుకు అనుమతినివ్వడం. ఇందుకు భిన్నంగా, ఒక కుటుంబంలోని ప్రాసెసర్లన్నిటికీ తెలిసిన ఆదేశాలకే పరిమితమయ్యే పద్ధతిని సాధారణ (జెనరిక్) కంపైలేషను అంటారు. మొదటిది వేగానికి, రెండవది వ్యాప్తికి అనుకూలం.

== జీసీసీలో ఐచ్ఛికాలు ==
జీసీసీ కంపైలరులో "ఎమ్ ఆర్చ్" అనే ఐచ్ఛికం ఏయే ఆదేశాలు వాడవచ్చునో నిర్ణయిస్తుంది. "ఎమ్ ట్యూన్" ఆదేశాల ఎంపికను, వరుసను ఒక ప్రాసెసరుకు అనువుగా సర్దుతుందే గాని కొత్త ఆదేశాలను చేర్చదు. కనుక దాని వలన ప్రోగ్రాము ఎక్కడా ఆగిపోదు. 2007లో వెలువడిన 4.2 వెర్షనులో "ఎమ్ ఆర్చ్"కు "నేటివ్", "ఎమ్ ట్యూన్"కు "జెనరిక్" అనే విలువలు చేరాయి. "నేటివ్" అంటే కంపైలు చేస్తున్న యంత్రం, ప్రోగ్రామును నడపబోయే యంత్రం కాదు. పొరపాట్లలో అధికభాగం ఇక్కడే జరుగుతాయి.

ఉదాహరణకు, వరంగల్లులోని ఒక కళాశాల ప్రయోగశాలలో కోర్ 2 డుయో కంప్యూటర్లు, 2013లో వచ్చిన నాలుగవ తరం కోర్ ఐ5 కంప్యూటర్లు పక్కపక్కనే ఉన్నాయనుకుందాం. ఐ5లో "నేటివ్"తో తయారైన ప్రోగ్రాములో ఏవీఎక్స్2 ఆదేశాలు ఉండవచ్చు. దానిని పాత యంత్రంలోకి కాపీ చేసి నడిపితే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అన్న సందేశంతో ఆగిపోతుంది. అది ప్రారంభంలోనే ఆగాలని లేదు. ఆ ఆదేశం ఎదురయ్యేంతవరకు గంటసేపు సజావుగా నడిచి, అప్పుడు ఆగవచ్చు. కొనుగోలు సంవత్సరం చూసి నిర్ణయించడమూ సరికాదు. అదే నాలుగవ తరానికి చెందిన సెలెరాన్ ప్రాసెసర్లలో ఏవీఎక్స్ లేదు.

== పంపకాలలో ==
డెబియన్ వంటి లినక్సు పంపకాలు సాధారణ పద్ధతినే పాటిస్తాయి. 2005లో వెలువడిన తెలుగు ఆపరేటింగ్ సిస్టం [[స్వేచ్ఛ]] వంటివాటికి ఈ పద్ధతి తప్పనిసరి అనే చెప్పాలి, ఎందుకనగా ఆ సీడీ ఏ ఊరి ఏ కంప్యూటరులోకి చేరుతుందో తయారుచేసినవారికి తెలియదు. జెంటూలో వాడుకరే స్వయంగా కంపైలు చేసుకుంటాడు గనుక ఎంపిక అతనిదే.

కనీస స్థాయి కూడా కాలంతో పెరుగుతుంది. 2017లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 53 నుండి లినక్సులో ఎస్ఎస్ఈ2 తప్పనిసరి అయినది. పెంటియం 3, అథ్లాన్ ఎక్స్‌పీ యంత్రాలు దానితో వెనుకబడిపోయాయి.

== ప్రయోజనం ==
మాత్రికల గుణకారం, వీడియో ఎన్‌కోడింగు, వాతావరణ నమూనాల వంటి లెక్కలలో వేగం గణనీయంగా పెరగవచ్చు. డిస్కు కోసమో నెట్‌వర్కు కోసమో వేచియుండే ప్రోగ్రాములలో తేడా కనిపించదు. వాటికోసం రాత్రంతా కంపైలు చేయడం వృథా శ్రమ. పరిశోధకులు గమనించవలసినది మరొకటి ఉన్నది: గుణకార సంకలనాలను కలిపి చేసే ఎఫ్ఎమ్ఏ ఆదేశాల వలన దశాంశ ఫలితాల చివరి అంకెలు మారవచ్చు.

ఐఐటీ హైదరాబాదులోని 838 టెరాఫ్లాప్స్ సామర్థ్యం గల [[పరమ్ సేవ]] వంటి సూపర్ కంప్యూటర్లలో ప్రాసెసరు ఆధారిత పద్ధతి సహజం. అయితే ఇటువంటి క్లస్టర్లలో లాగిన్ నోడు, గణన నోడుల ప్రాసెసర్లు వేరైతే "నేటివ్"కు బదులు గణన నోడు ప్రాసెసరు పేరునే ఇవ్వాలి.

== మధ్యేమార్గం ==
ఒకే ఫంక్షనుకు పలు రూపాలు తయారుచేసి, నడిచేటప్పుడు ప్రాసెసరును బట్టి ఒకదానిని ఎంచుకొనుట మరొక పద్ధతి. గ్లిబ్‌సీలోని మెమ్‌కాపీ ఇలాగే పనిచేస్తుంది. 2020లో ఎక్స్86-64 ప్రాసెసర్లకు వీ1 నుండి వీ4 వరకు స్థాయిలు నిర్వచించారు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్సు 9 (2022)కు వీ2, 10 (2025)కు వీ3 కనీస స్థాయి. పై ప్రయోగశాలలోని కోర్ 2 డుయో యంత్రాలలో ఈ రెండూ నడవవు.